కుండీ నుంచి కంచం దాకా: కొత్త రుచులకు వెనుకాడని పిల్లలను పెంచే మార్గదర్శి

ఏడాదిన్నర వయసు దాకా పెట్టినదల్లా తిన్న పిల్లవాడు, రెండేళ్ళు దాటాక పప్పన్నం, పెరుగన్నం, ఆలుగడ్డ వేపుడు తప్ప మరేదీ ముట్టనని మొండికేయడం చాలా ఇళ్ళలో జరిగేదే. దీన్ని పెంకితనమనో, అమ్మమ్మ గారాబమనో అనుకోవడం సరికాదు. రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ మధ్య కొత్త ఆహారాన్ని అనుమానించడం పిల్లల ఎదుగుదలలో సహజమైన దశ. సొంతంగా నడుస్తూ చేతికందినదల్లా నోట్లో పెట్టుకోగలిగే వయసులో, తెలియని ఆకునూ కాయనూ దూరంగా ఉంచే ఈ జాగ్రత్త ఒకప్పుడు ప్రాణాలను కాపాడి ఉంటుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. తెలియనిది కనుక వద్దంటున్న పిల్లవాడికి అది తెలిసినదిగా మారడమే మందు. ఒక కొత్త కూర పిల్లలకు అలవాటు కావాలంటే ఎనిమిది నుంచి పదిహేను సార్లయినా వారి ముందుకు రావాలని పరిశోధనలు సూచిస్తున్నాయి, కానీ మనలో చాలామంది మూడు నాలుగు సార్లకే "మావాడికి అది పడదు" అని తీర్పు చెప్పేస్తాం.

అన్నిసార్లు కంచంలో పెట్టి బతిమాలడం ఎవరి వల్లా కాదు, అలా చేయడం మంచిదీ కాదు. అయితే ఆ పరిచయం కంచంలోనే జరగాలన్న నియమం లేదు. విత్తనం నాటినప్పుడు, ఆకు తుంచినప్పుడు, కాయ కడిగినప్పుడు, పోపు వాసన ముక్కుకు తగిలినప్పుడు కూడా పిల్లలకు ఆ పదార్థంతో పరిచయం పెరుగుతూనే ఉంటుంది. వంటగదినీ, నాలుగు కుండీలు పట్టే బాల్కనీనీ ఇందుకు ఎలా ఉపయోగించుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

మొదటి మెట్టు: కంచం దగ్గర ఎవరి పని ఏదో తేల్చుకోవడం

తోట పని మొదలుపెట్టే ముందు భోజనం దగ్గరి పద్ధతిని సరిచేసుకోవాలి. లేకపోతే కుండీలో ఎంత పండించినా ఫలితం ఉండదు. అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన సూత్రం ఇక్కడ చాలా ఉపయోగపడుతుంది. ఏమి వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అన్నవి పెద్దల నిర్ణయాలు, వడ్డించిన వాటిలో ఏది తినాలి, ఎంత తినాలి అన్నది పిల్లల నిర్ణయం. గోరుముద్దలు తినిపించడమే ప్రేమగా భావించే మన ఇళ్ళలో రెండో సగాన్ని ఒప్పుకోవడం కష్టమే. నానమ్మ గిన్నె పట్టుకుని పిల్లవాడి వెంట హాలంతా తిరుగుతుంటే వద్దని చెప్పడానికి నోరు రాదు. అయినా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఈ పద్ధతి ఎందుకు పెడుతున్నామో ముందే మాట్లాడుకోవడం మంచిది, ఎందుకంటే ఇంట్లో ఒక్కరు తప్పించినా నియమం నిలవదు.

ఫోను చూపించి తినిపించడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఫోను చూస్తూ తినే పిల్లవాడికి కడుపు నిండుతుందేమో గాని, నోట్లో ఉన్నది బీరకాయో సొరకాయో అతనికి తెలియదు. ఏ పరిచయం కోసం ఇంత శ్రమ పడుతున్నామో అది జరగకుండానే భోజనం ముగిసిపోతుంది. ఇక "కాకరకాయ తింటే చాక్లెట్ ఇస్తాను" అనే బేరం మరింత నష్టం చేస్తుంది. లంచం ఇస్తే తప్ప తినలేని వస్తువు కాకరకాయ అని పిల్లలకు నేర్పేది ఆ మాటే.

ఆకలి లేని పిల్లలు కొత్తది రుచి చూడరు. అందుకే భోజనానికీ భోజనానికీ మధ్య రెండున్నర, మూడు గంటల విరామం ఉండేలా చూసుకోవాలి, ఆ మధ్యలో బిస్కెట్లు, చిప్సు అందకుండా జాగ్రత్తపడాలి. ఏడాది దాటిన పిల్లలకు రోజుకు అర లీటరుకు మించి పాలు తాగించడం వల్ల ఆకలి చచ్చిపోవడమే కాక, ఇనుము లోపం కూడా ఏర్పడవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆకుకూరలు, పప్పులు తినే అలవాటు కేవలం రుచి విషయం కాదని ఈ అంకె చెబుతుంది.

రెండో మెట్టు: అన్నప్రాశన నుంచి రెండేళ్ళ దాకా దొరికే సమయాన్ని వాడుకోవడం

ఇంట్లో ఇంకా రెండేళ్ళు నిండని బిడ్డ ఉంటే మీరు అదృష్టవంతులు. నిజానికి రుచుల చదువు పుట్టక ముందే మొదలవుతుంది. 2001లో అమెరికాలో జూలీ మెనెల్లా బృందం ప్రచురించిన అధ్యయనంలో, కడుపుతో ఉన్నప్పుడో, పాలిచ్చేటప్పుడో తల్లి క్యారెట్ రసం తాగి ఉంటే, క్యారెట్ రుచి కలిపిన ఆహారాన్ని బిడ్డ తక్కువ విముఖతతో తీసుకున్నట్టు తేలింది. బాలింతకు పథ్యం పేరుతో నెలల తరబడి ఒకే రకం తిండి పెట్టే ఇళ్ళవారు ఈ సంగతి ఆలోచించాలి.

ఆరు నెలలు నిండాక అన్నప్రాశన చేసి, పప్పుకట్టుతో కలిపిన మెత్తని అన్నంతో మొదలుపెట్టి, వారం వారం ఒక్కో కూరను జోడిస్తూ పోవాలి. సొరకాయ, గుమ్మడికాయ, క్యారెట్ తియ్యగా ఉంటాయి కనుక పిల్లలు తేలిగ్గా తింటారు. అయితే తీపి కూరలతోనే నెలలు గడిపేయకుండా తోటకూర, బీరకాయ, పాలకూర వంటివి కూడా తొందరగా పరిచయం చేయాలి. అన్నీ మిక్సీలో వేసి నున్నగా రుబ్బి పెట్టే అలవాటును తొమ్మిదో నెల దగ్గరికి వచ్చేసరికి మానేసి, గరిటెతో మెదిపిన ముద్దకూ, ఆ తరువాత మెత్తగా ఉడికిన చిన్న ముక్కలకూ మారాలి. ఆలస్యమైతే పిల్లలు పలుకు తగలగానే ఉమ్మేయడం మొదలుపెడతారు. ఏడాది లోపు తేనె నాకించకూడదు, విడిగా ఉప్పు, చక్కెర కలపకూడదు. వేరుశనగపప్పు, ద్రాక్ష వంటి గుండ్రని గట్టి వస్తువులు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది కనుక అయిదేళ్ళు వచ్చేదాకా వేరుశనగను పొడి చేసో, ద్రాక్షను నిలువుగా కోసో మాత్రమే ఇవ్వాలి.

మూడో మెట్టు: మొదటి కుండీ

పిల్లల కోసం తోట మొదలుపెట్టేవారు తరచుగా టమాటాతో ఆరంభిస్తారు. నారు పోసి, నాటి, కాయ ఎర్రబడేసరికి మూడు నెలలు పడుతుంది, మూడేళ్ళ పిల్లవాడికి మూడు నెలలంటే యుగం. కాబట్టి పోపుల డబ్బాలోని మెంతులతో మొదలుపెట్టండి. రాత్రి నానబెట్టిన గుప్పెడు మెంతులను వెడల్పాటి కుండీలో చల్లి, పలుచగా మట్టి కప్పి, చిలకరించినట్టుగా నీళ్ళు పోస్తే రెండు మూడు రోజుల్లో మొలకలు తలెత్తుతాయి. పది రోజుల లేత మొలకలను కత్తెరతో కత్తిరించి పెరుగు పచ్చడిలో వేసుకోవచ్చు, మూడు నాలుగు వారాలు ఆగితే మెంతికూర పప్పుకు సరిపడా ఆకు వస్తుంది. చల్లినప్పటి నుంచి కోసేదాకా పిల్లలకు ఓపిక నిలిచే పంట ఇదొక్కటే అన్నా అతిశయోక్తి కాదు.

దీనితోపాటు, కూరల సంచిలో వచ్చిన పుదీనా కాడలను కింది ఆకులు తుంచి గాజు గ్లాసు నీళ్ళలో నిలబెడితే, వారం పది రోజుల్లో తెల్లని వేళ్ళు కనిపిస్తాయి. నేల కింద జరిగే పనిని పిల్లలు కళ్ళారా చూడగలిగేది ఇలాంటి చోటే. వేళ్ళు వచ్చిన కాడను కుండీలో నాటాక, బచ్చలి తీగ ముక్కను కూడా అదే విధంగా నాటించవచ్చు.

మట్టి విషయంలో కొంత శ్రద్ధ అవసరం. అయిదు పాళ్ళలో రెండు పాళ్ళు ఎర్రమట్టి, రెండు పాళ్ళు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఒక పాలు కొబ్బరిపొట్టు కలిపి, కుండీకి గుప్పెడు వేపపిండి చేర్చితే ఆకుకూరలకు చాలు. ఆకుకూరలకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు సరిపోతుంది, వంగ, టమాటా, బెండ వంటివాటికి కనీసం పన్నెండు అంగుళాల గ్రో బ్యాగు కావాలి. అడుగున రంధ్రాలు తప్పనిసరి. తడిసిన మట్టి బరువు ఎక్కువ కనుక బాల్కనీలో కుండీలను అంచున కాకుండా గోడవైపు పెట్టాలి, మిద్దె మీద పెద్ద తోట తలపెట్టేవారు కప్పు బలం గురించి ఇంజనీరును అడిగి, నీరు దిగకుండా పూత వేయించుకున్న తరువాతే ముందుకు సాగాలి. కుండీ కింది పళ్ళెంలో నీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది కాబట్టి దాన్ని ఖాళీ చేసే పనిని ఇంట్లో పెద్ద పిల్లలకు అప్పగించవచ్చు.

హైదరాబాదులో చాలా అపార్టుమెంట్లకు వచ్చే బోరు నీటిలో ఉప్పు శాతం ఎక్కువ, కొన్నాళ్ళకు మట్టి పైన తెల్లని పొర కడుతుంది. బియ్యం, పప్పులు కడిగిన నీళ్ళను ఉప్పు కలపక ముందే ఒక బకెట్టులో పట్టి కుండీలకు పోయడం ఇందుకు సులువైన ఉపాయం. ఇక పావురాల సంగతి ఈ నగరవాసులకు చెప్పనక్కరలేదు. మొలకలు రెండు అంగుళాలు ఎదిగేదాకా కుండీ పైన వల కప్పి ఉంచకపోతే, మీ పిల్లల కంటే ముందు అవే సాహసంగా రుచి చూస్తాయి.

విత్తేటప్పుడు కాలాన్ని గమనించాలి. జూన్‌లో తొలకరి పడగానే బెండ, గోరుచిక్కుడు, తోటకూర, పుంటికూర (గోంగూర), బీర, కాకర మొదలుపెట్టవచ్చు. సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఈ నగరంలో తోటకు అన్నిటికంటే అనుకూలమైనవి, అప్పుడు టమాటా, వంగ, చిక్కుడు, ముల్లంగి, క్యారెట్, పాలకూర, కొత్తిమీర అన్నీ వస్తాయి. ధనియాలను అరచేతితో నలిపి రెండు బద్దలుగా విడిపోయేలా చేసి చల్లడం పిల్లలకు ఎంతో ఇష్టమైన పని. ఎండలు నలభై డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో కొత్తగా ఏమీ తలపెట్టక, ఉన్న బచ్చలినీ కరివేపాకునూ సగం ఎండను ఆపే షేడ్‌నెట్ కింద కాపాడుకుంటే చాలు.

ఆకులకు పేనుబంక, పిండినల్లి పట్టినప్పుడు లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. ఆ తరువాత కొన్ని రోజులు ఆకులు కోయకుండా ఉండి, కోసినప్పుడు బాగా కడగాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పాలి. తోటలో తుంచుకుని తినడం నేర్చిన పిల్లలకు ఏది తినకూడదో కూడా మొదటి రోజు నుంచే తెలియాలి. అపార్టుమెంటు ఆవరణల్లో, రోడ్ల మధ్య అందం కోసం పెంచే గన్నేరు, పచ్చగన్నేరు విషపూరితమైనవి, ఉమ్మెత్త కూడా అంతే. కుండీల్లో అలంకారానికి పెంచే డిఫెన్‌బాకియా ఆకు నమిలితే నోరు వాస్తుంది. పెద్దలను అడగనిదే ఏ ఆకునూ నోట్లో పెట్టుకోకూడదన్న నియమానికి మినహాయింపు ఉండరాదు.

నాలుగో మెట్టు: వంటగదిలో వారికొక చోటు

రెండు మూడేళ్ళ పిల్లలు ఆకులు తుంచగలరు, కూరగాయలు కడగగలరు, పిండిలో వేళ్ళు పెట్టి ఆడగలరు. నాలుగైదేళ్ళు వచ్చేసరికి బఠానీలు, చిక్కుడుకాయలు ఒలవడం, చిన్న కల్వంలో జీలకర్ర, వెల్లుల్లి దంచడం, నిమ్మకాయ పిండడం వంటివి అప్పగించవచ్చు. ఆరు, ఏడేళ్ళకు చిన్న కత్తితో దోసకాయ, ఉడికిన ఆలుగడ్డ వంటి మెత్తనివి కోయనివ్వవచ్చు. కత్తిపీటను మాత్రం ఆ వయసులో దగ్గరికి రానివ్వకండి. తొమ్మిది, పదేళ్ళు దాటాక పెద్దలు పక్కనే నిలబడి ఉండగా పొయ్యి మీద దోసె పోయడం, జొన్న రొట్టె తిప్పడం నేర్పవచ్చు. పచ్చిమిరపకాయలు, కుక్కరు, వేడి నూనె పెద్దల చేతిలోనే ఉండాలి.

సెలవు రోజు ఉదయం సర్వపిండి చేయడం ఈ పనికి చాలా బాగా నప్పుతుంది. బియ్యప్పిండిలో నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, కరివేపాకు, ఉల్లికాడలు, కొద్దిగా కారం వేసి కలిపి, మందపాటి గిన్నె అడుగున నూనె రాసి వేళ్ళతో తట్టి, మధ్యమధ్య వేలితో బొక్కలు పెట్టాలి. తట్టడమూ, బొక్కలు పెట్టడమూ పిల్లల పని, గిన్నెను పొయ్యి మీదికి ఎక్కించడం మీ పని. పిండిలో మీ కుండీలోని మెంతికూరను వారి చేతనే కోయించి కలిపించండి. తన చేతితో తట్టిన దానిలో ఆకుపచ్చని ముక్కలు ఉన్నాయని ఫిర్యాదు చేసే పిల్లలు తక్కువ.

ఇడ్లీ పిండిలో, చపాతీ పిండిలో పాలకూరను కనబడకుండా రుబ్బి కలిపే తల్లులు చాలామంది ఉన్నారు. పోషకాల దృష్ట్యా దానిని తప్పుపట్టలేము, కానీ దానివల్ల పిల్లలకు పాలకూర రుచి తెలియదు, పైగా ఏనాడో బయటపడితే వడ్డించిన ప్రతిదానినీ అనుమానంగా చూడడం మొదలుపెడతారు. కలిపేటప్పుడు వారి ఎదుటే కలపాలన్నది నా మాట.

అయిదో మెట్టు: చేదు, పులుపు, జిగురు

నిజమైన పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది. తీపిని ఇష్టపడడం పుట్టుకతో వచ్చేది, చేదును తిరస్కరించడమూ అంతే. కొందరు పిల్లలకు జన్యుపరంగానే చేదు మరింత ఘాటుగా తెలుస్తుంది. అన్నాతమ్ముళ్ళలో ఒకరు కాకరకాయ తింటే మరొకరు ముఖం చిట్లించడానికి ఇదీ ఒక కారణం కావచ్చు కనుక, పోల్చి చిన్నబుచ్చకండి.

అయితే చేదును కూడా ఇష్టపడేలా చేసే విద్య మన వంటలో తరతరాలుగా ఉంది. ఉగాది పచ్చడిలో వేపపువ్వును ఒంటరిగా ఎవరూ తినమనరు, దానికి బెల్లం, చింతపండు, మామిడికాయ, ఉప్పు, కారం తోడవుతాయి. తెలియని రుచిని తెలిసిన రుచితో జత చేసి పరిచయం చేయడమే ఇందులోని కిటుకు. కాకరకాయను ఇదే దారిలో నడిపించవచ్చు. మొదట పలుచని చక్రాలుగా తరిగి, ఉప్పు రాసి అరగంట ఉంచి, పిండేసి, కరకరలాడేలా వేయించి, పప్పన్నంలోకి రెండంటే రెండు ముక్కలు పెట్టండి. కొన్నాళ్ళకు చింతపండు, బెల్లం వేసిన పులుసుగా చేయండి. ప్రతిసారీ బెల్లం కొద్దికొద్దిగా తగ్గిస్తూ, చివరికి నువ్వులపొడి, ఉల్లిగడ్డ కారం కూరిన కాయల దాకా రావచ్చు. దీనికి నెలలు పడుతుంది, కొన్ని ఇళ్ళలో ఏడాది కూడా పట్టవచ్చు.

పులుపు ఇంత కష్టపెట్టదు. పుంటికూర పప్పు, పచ్చిపులుసు, చింతచిగురు దొరికే రోజుల్లో చింతచిగురు పప్పు చాలామంది పిల్లలకు తొందరగానే నచ్చుతాయి. పుంటికూర ఆకును కుండీ దగ్గరే పచ్చిగా నమలమని ఇస్తే కళ్ళు చికిలించి నవ్వి, మరో ఆకు అడిగే పిల్లలున్నారు. ఆకుకూర పప్పులో చివర పిండే నిమ్మరసం రుచి కోసమే కాదు, అందులోని సి విటమిన్ వల్ల ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

బెండకాయ జిగురు, వంకాయ మెత్తదనం వంటివి రుచికి సంబంధించినవి కావు, నోటికి తగిలే తీరుకు సంబంధించినవి. బెండకాయను కడిగి తుడిచి ఆరబెట్టి ముక్కలు కోసి, మూత పెట్టకుండా వేయిస్తే జిగురు పోతుంది. వంకాయ వద్దన్నవారికి నిప్పుల మీద కాల్చిన పచ్చడిగా పెట్టి చూడండి. ఒక కూర నచ్చలేదంటే ఆ వండిన తీరు నచ్చలేదని మాత్రమే అర్థం చేసుకుని, మరో రూపంలో పది రోజుల తరువాత మళ్ళీ వండాలి. కొత్తది వండిన పూట కంచంలో పిల్లలకు బాగా తెలిసిన పదార్థం ఒకటైనా ఉండాలి. రుచి నచ్చకపోతే మర్యాదగా పక్కన పెట్టే స్వేచ్ఛ కూడా ఉండాలి.

ఆరో మెట్టు: ఇంటి బయటి రుచులు

రైతు బజారుకు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళండి. 1999లో మొదలైన ఈ బజార్లు మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి వంటి చోట్ల నేటికీ నడుస్తున్నాయి. ఇంట్లో ఎప్పుడూ వండని ఒక ఆకునో కాయనో పిల్లలే ఎంచుకోవాలన్న నియమం పెట్టుకుని, దాన్ని ఎలా వండాలో అమ్మే ఆమెనే అడిగించండి. గంగవాయిలి కూర, పొన్నగంటి కూర, చామగడ్డ, కంద ఇలాగే ఇంట్లోకి వస్తాయి. వేసవిలో తాటిముంజలు, వానాకాలంలో కాల్చిన మొక్కజొన్న కంకులు, చలి మొదలయ్యే ముందు సీతాఫలాలు, ఆ తరువాత రేగుపళ్ళు వాటి వాటి కాలంలోనే పెట్టాలి.

చిరుధాన్యాల పరిశోధనకు జాతీయ సంస్థ రాజేంద్రనగర్‌లోనే ఉన్నా, మన పిల్లల్లో చాలామంది జొన్న రొట్టెను దావత్‌లోనో, హోటల్లోనో తప్ప చూడరు. అన్నానికి బదులుగా ఒక్కసారిగా కొర్రలు పెట్టి నిరాశపడకుండా, ఉప్మాలో, దోసె పిండిలో పావు వంతుతో మొదలుపెట్టడం మేలు.

ఈ నగరంలో పిల్లలకు దొరికే గొప్ప అవకాశం పక్కింటి వంట. సికింద్రాబాదులోని తమిళ, మరాఠీ ఇళ్ళ వంటలు, మాంసాహారులైతే రంజాన్ నెలలో హలీం, బార్కాస్‌లో ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినే అరబ్బుల మాంసం, అన్నం వంటకం మండీ, ఇవన్నీ బస్సు దూరంలో ఉన్నాయి. పదిమంది ఇష్టంగా తింటుంటే పిల్లలు చేయి చాచడం సహజం.

ఎప్పుడు వైద్యులను కలవాలి

ఇంత చేసినా కొందరు పిల్లల విషయంలో ఇంటి ప్రయత్నం చాలదు. బరువు పెరగకపోవడం లేదా తగ్గడం, తినేటప్పుడు తరచూ దగ్గు రావడం, గొంతుకు అడ్డుపడడం, కొత్త పదార్థం కంచంలో కనబడితేనే వాంతి చేసుకోవడం, తినే రకాలు నెల నెలకూ తగ్గిపోవడం వంటివి కనిపిస్తే పిల్లల వైద్యుడికి చూపించాలి. తోటలో ఆడే పిల్లల విషయంలో ఇంకొకటి గమనించండి. రెండేళ్ళు దాటిన తరువాత కూడా కుండీలోని మట్టిని, సుద్దముక్కలను పదే పదే తింటుంటే అది అల్లరి కాకపోవచ్చు. ఇనుము లోపం ఉన్నప్పుడు అలా జరుగుతుంది కనుక రక్తపరీక్ష చేయించాలి, నులిపురుగుల మందు గురించి కూడా వైద్యుడిని అడగాలి. ఈలోగా కుండీలను అందని ఎత్తులో పెట్టి, తోట పని పూర్తవగానే సబ్బుతో చేతులు కడిగించడం మానకండి.